కుడివైపు నుంచి తెరుచుకున్న తెలుగు పుస్తకం

బహ్రెయిన్‌లో తుబ్లీ ప్రాంతంలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో నేను ఫినిషింగ్ సెక్షన్ సూపర్‌వైజర్‌గా చేరింది 2008లో. ఇప్పుడు రాస్తున్న సంగతి 2019 జూన్‌లో, ఈద్ సెలవులు అయిపోయి మళ్లీ పని ఊపందుకున్న రోజుల్లో జరిగింది. ఫినిషింగ్ అంటే అచ్చు పడ్డ తర్వాత జరిగే పని అంతా. పెద్ద కాగితాన్ని మడవడం, వరసలో పెట్టడం, పిన్ను కొట్టడం, అంచులు కోయడం, కట్టలు కట్టడం. అచ్చు యంత్రం దగ్గర నిలబడేవాడికి ఉండే గౌరవం మాకు ఉండదు. కానీ కాగితం పుస్తకంగా మారేది మా బల్ల మీదే. నా కింద కొందరు పనివాళ్లు, నా పైన ప్రెస్సు యజమాని. ఆయన బహ్రెయినీ. మేమందరం ఆయనను ముదీర్ అనేవాళ్లం. అరబ్బీలో మేనేజర్ అనే అర్థం.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మాది జగిత్యాల దగ్గర ఊరు. మిగతా చదువంతా గ్రంథాలయాల్లోనే సాగింది. ఊళ్లో ఉన్నప్పుడు శాఖా గ్రంథాలయంలో దొరికిన తెలుగు పుస్తకాలు చదివాను. బహ్రెయిన్ వచ్చాక శుక్రవారాలు మనామాలో ఒక క్లబ్బు వారి చిన్న లైబ్రరీలో, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఇంగ్లిష్ పుస్తకాలు నెమ్మదిగా చదవడం నేర్చుకున్నాను. పనివాళ్లం ఉండే క్యాంపులో మిగతావాళ్లు పేకాట ఆడుతుంటే నేను యూరప్ చరిత్ర చదివేవాడిని. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, గర్వమే. ముఖ్యంగా నన్ను పట్టుకున్నది అక్కడ మతం మారిన కథ. అందులో మా వృత్తి ఉంది. సుమారు ఐదు వందల ఏళ్ల కింద రోము చర్చి పాపక్షమాపణ పత్రాలు ఇచ్చేది. కానుక చెల్లించినవారికి శిక్ష తగ్గుతుందని హామీ ఇచ్చే పత్రాలవి. వాటిని అచ్చు వేసింది ప్రెస్సులే. జర్మనీలో ఒక సన్యాసి ఆ పత్రాలు తప్పు అని రాస్తే, ఆ రాతనూ అచ్చు వేసి ఊరూరా పంచింది ప్రెస్సులే. ప్రెస్సువాడికి రెండూ జాబులే, అంటే చేసివ్వాల్సిన ఆర్డర్లే. ఈ మాట చదివినప్పుడు లైబ్రరీలో ఒక్కడినే నవ్వుకున్నాను.

అన్నేళ్లు అరబ్బీ, ఇంగ్లిష్, మలయాళం, ఉర్దూ పుస్తకాలు నా బల్ల మీదుగా వెళ్లాయి. తెలుగులో ఒక పండగ ఆహ్వానపత్రం, ఒక క్యాలెండర్ తప్ప ఏమీ రాలేదు. మా బల్ల మీద ఒక తెలుగు పుస్తకాన్ని మడవాలని నాకు చాలా కోరికగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే క్యాంపులో నవ్వుతారని.

ఆ కోరిక తీర్చింది సుగుణ టీచర్. ఆమెది రాజమండ్రి. ఒక స్కూల్లో సోషల్ చెప్పేవారు. అరాద్‌లో వాళ్ల ఫ్లాట్ హాలులో శుక్రవారం శుక్రవారం తెలుగు పిల్లలకు తెలుగు నేర్పేవారు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. చదవడం మాత్రం ఆమె దగ్గరే మొదలు. వాళ్ల స్కూల్లో యూరప్ మత సంస్కరణల పాఠం ఇంగ్లిష్‌లో ఉండేది. పిల్లలు దాన్ని బట్టీ పట్టేవాళ్లు. ఆమె ఆ కథనే తేలిక తెలుగులో రాసి, పదహారు పేజీల పుస్తకం చేయించుకోవాలని మా ప్రెస్సుకు వచ్చారు.

తొందర కూడా చెప్పారు. ఆమె భర్త పనిచేసే ప్రాజెక్టు అయిపోయింది. వీసా రద్దవుతోంది. శనివారం పొద్దున విమానం. అంతకు ముందురోజు శుక్రవారం ఆఖరి క్లాసు. ఆ క్లాసులో పిల్లల చేతుల్లో పుస్తకం పెట్టి వెళ్లాలన్నది ఆమె పట్టుదల. తరవాత అక్కడ ఆ పిల్లలకు తెలుగు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

కౌంటర్‌లో ఆర్డర్లు తీసుకునేది యూసుఫ్ భాయ్. బోధన్ మనిషి, నాకు దోస్తు. తెలుగు పుస్తకం అనగానే నన్ను పిలిచాడు. నేను వెళ్లి ఆమె రాత చూశాను. లైబ్రరీ విద్య అంతా ఒక్కసారి బయటికి వచ్చింది. ఆ సన్యాసి తన వాదాన్ని చర్చి తలుపుకు మేకుతో కొట్టిన సంగతి పెద్ద అక్షరాల్లో పెట్టాలని చెప్పాను. ఆమె కళ్లద్దాలు పైకి జరుపుకున్నారు.

"కొట్టాడంటారండీ రాజేశం గారూ. కొట్టలేదు, ఉత్తరంలో పంపాడంతే అనేవాళ్లూ ఉన్నారు. అందుకే నేను ‘అంటారు’ అని రాశాను చూడండి."

నేను అంతటితో ఆగలేదు. అంతకుముందు జనం భాషలో బైబిలే లేదు కదా, అది రాయండి అన్నాను. అక్కడక్కడా ఉండేదని, అచ్చులో కూడా ఉందని, అయితే ఆ తర్వాతే అది ఇంటింటికీ చేరిందని ఆమె ఓపికగా చెప్పారు. యూసుఫ్ భాయ్ కౌంటర్ మీద మోచేయి ఆనించి వింటున్నాడు.

"అన్నా, ఇయ్యాల నీకు క్లాసు పీకింది టీచరమ్మ," అన్నాడు.

నాకు అవమానంగా అనిపించలేదు. పదేళ్లుగా ఒక్కడినే చదువుకున్న విషయం గురించి మరో మనిషితో తెలుగులో మాట్లాడుతున్నాను. తప్పు దిద్దించుకోవడం కూడా బాగుంది.

ఆమె రాతలో నాకు నచ్చినది ఒకటి చెప్పాలి. ఎవరు మంచి, ఎవరు చెడు అని ఎక్కడా లేదు. ఏం మారింది అన్నదే ఉంది. ప్రార్థన లాటిన్ నుంచి ఇంటి భాషలోకి ఎలా వచ్చింది, కొన్ని చోట్ల మఠాలు మూతపడితే అక్కడివాళ్లు ఏమయ్యారు, చర్చిల్లోని బొమ్మలు తీసేస్తే వాటిని ప్రేమించినవాళ్లు ఎంత బాధపడ్డారు, పాత చర్చి కూడా తనలో తాను ఏం దిద్దుకుంది, రాజు ఏ మతమైతే ప్రజలదీ అదే కావాలన్న నియమం వల్ల ఎన్ని కుటుంబాలు మూట సర్దుకుని సరిహద్దు దాటాయి. ఆ చివరి వాక్యం దగ్గర నేను కాసేపు ఆగాను. మూట సర్దుకోవడం మాకూ తెలుసు.

మధ్య రెండు పేజీల్లో యూరప్ పటం వేయించారు. ఏ ప్రాంతం పాత చర్చితో ఉండిపోయింది, ఏది కొత్తదానికి మారింది అన్నది రెండు ఛాయల్లో. పుస్తకం ఎలా ఉండాలో చూపించడానికి ఆమె ఒక నమూనా తెచ్చారు. పిల్లల బొమ్మల పుస్తకం. సైజు చేతిలో ఇమిడేలా, కాగితం మెరవకుండా, నడుమ రెండు పిన్నులు. "అచ్చం ఇలాగే కావాలండీ," అన్నారు. యూసుఫ్ భాయ్ ఆర్డరు కాగితాలు పెట్టే జాబు సంచి మీద ‘శాంపిల్ ప్రకారం’ అని రాసి, ఆ నమూనాను అందులోనే పెట్టాడు. మా వృత్తిలో కస్టమర్ ఇచ్చిన శాంపిల్ అంటే ఆజ్ఞ. దానికి తేడా చేయకూడదు.

మంగళవారం నేను పనిలో లేను. రెసిడెన్స్ కాగితాల కోసం మెడికల్ పరీక్షకు వెళ్లాను. బుధవారం పొద్దున వచ్చేసరికి తెలుగు పుస్తకాలు మడిచి, పిన్ను కొట్టి, అంచులు కోసి, బల్ల మీద కట్టలుగా ఉన్నాయి. చేతులు కడుక్కుని వచ్చి ఒకటి తీశాను. సిరా వాసన ఇంకా పోలేదు. తెరిచాను.

ఆఖరి పేజీ వచ్చింది. అభ్యాసం, ప్రశ్నలు.

తిప్పి చూశాను. అట్ట వెనక వైపు ఉంది. పుస్తకం వెన్ను కుడి పక్కన ఉంది. అది అరబ్బీ పుస్తకంలా కుడివైపు నుంచి తెరుచుకుంటోంది. ప్రతి పేజీ చక్కగా ఉంది, అక్షరం చెదరలేదు. కానీ మొదటి పేజీ మన ఆఖరి పేజీ ఉండే చోట ఉంది. మధ్య పటం దగ్గరికి వెళ్లాను. ఎడమ సగం కుడికి, కుడి సగం ఎడమకు పడ్డాయి. పుస్తకం నడుమ రష్యా పక్కనే పోర్చుగల్ నిలబడింది. కథ మొదలైన జర్మనీ నిలువునా చీలిపోయి, సగం ఆ చివర, సగం ఈ చివర ఉంది.

ఎలా జరిగిందో తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పదహారు పేజీలను ఒకే పెద్ద కాగితం మీద అటు ఎనిమిది, ఇటు ఎనిమిది అచ్చు వేస్తాం. కొన్ని తలకిందులుగా ఉంటాయి. మడిచినప్పుడే వరసలోకి వస్తాయి. మేము దాన్ని ఫారం అంటాం. ఏ పేజీ ఎక్కడ పడాలన్నది పుస్తకం వెన్ను ఏ వైపు ఉంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. జాబు సంచిలో ఉన్న శాంపిల్ తీసి చూశాను. అది టీచర్‌గారి అమ్మాయి అరబిక్ క్లాసు పుస్తకం. వెన్ను కుడివైపు. పేజీలు పేర్చి అచ్చు ప్లేట్లు తీసే సెక్షన్‌లో తెలుగు చదవగలిగేవాళ్లు లేరు. వాళ్లకు తెలిసిందల్లా శాంపిల్. తేడా చేయలేదు. టీచర్‌గారు ప్రూఫ్ చూశారు. కానీ ప్రూఫ్ విడివిడి పేజీలుగా వస్తుంది. విడి పేజీకి వెన్ను ఉండదు.

యూసుఫ్ భాయ్ తల పట్టుకున్నాడు. "అరె, నాకు గూడ ఏం తేడా అనిపియ్యలే అన్నా. మా ఉర్దూ కితాబులు గూడ గట్లనే ఉంటయి గద."

ఇద్దరం పుస్తకం పట్టుకుని ముదీర్ గదికి వెళ్లాము. ఆయన పుస్తకం అందుకుని, సహజంగా కుడివైపు నుంచి తెరిచి, ఒక్కో పేజీ తిప్పాడు. ముఖం వెలిగింది.

"జైన్, వల్లాహ్ జైన్," అన్నాడు. చాలా బాగుందని. "సమస్య ఏమిటి?"

మాది ఎడమవైపు నుంచి తెరిచే భాష అని నేను చెప్పాను. ఆయన మళ్లీ తిప్పి చూసి, కుడి నుంచే బాగుంది కదా అన్నాడు. అప్పుడు మధ్య పటం చూపించాను. కాసేపు చూసి పకపకా నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, టీచర్ ఎప్పుడు వెళ్లిపోతుందని అడిగాడు. చెప్పాను. పెద్ద మిషన్ ఒక హోటల్ బ్రోషర్ల మీద ఉంది, దాన్ని వారం దాకా ఆపలేను, చిన్న మిషన్ మీ ఇష్టం, యల్లా, కానివ్వండి అన్నాడు.

చిన్న మిషన్ మీద ఫారం పట్టదు. నాలుగు పేజీలు పడతాయి, అంతే. బల్ల దగ్గరికి వచ్చి ఆలోచించాను. పిన్ను కొట్టిన పుస్తకం అంటే ఒకదాంట్లో ఒకటి మడిచి పెట్టిన కాగితాల దొంతర. పిన్నులు తీస్తే నడుమ ఉన్న నాలుగు పేజీల కాగితం ఒక్కటే బయటికి వస్తుంది. పటం రెండు సగాలనూ అటూ ఇటూ మార్చి ఆ కాగితం ఒక్కటీ మళ్లీ వేయొచ్చు. పుస్తకం కుడివైపు నుంచే తెరుచుకుంటుంది. దాన్ని మార్చలేం. యూరప్‌ను మాత్రం అతికించొచ్చు.

టీచర్‌గారికి ఫోన్ చేశాను. ఆమె సామాను సర్దుతున్నట్టున్నారు. వెనక టేపు చింపుతున్న చప్పుడు. జరిగింది చెప్పాను. "పిల్లలు తికమక పడతారండీ," అన్నారు. "అసలే కూడబలుక్కుని చదువుతారు. తలా తోకా తెలియని పుస్తకం ఇస్తే రెండో రోజే మూల పడేస్తారు. మళ్లీ ఎవరు తీయిస్తారు వాళ్ల చేత?" ఆ తర్వాత ఆ నమూనా తానే ఇచ్చానని, తప్పు తనదేనని అన్నారు. తప్పు ఎవరిదో తేల్చే టైము లేదు, పటం బాగుచేస్తాం, ఒక్కసారి వచ్చి చూడండి అన్నాను.

గురువారం పొద్దున పటం కాగితం చిన్న మిషన్ మీద పడింది. మధ్యాహ్నం నుంచి పిన్నులు తీసే పని. సన్నని కత్తి మొనతో పిన్ను కాళ్లు లేపి, కాగితం చిరగకుండా లాగాలి. టీచర్‌గారు వచ్చారు, చూసి వెళ్లిపోలేదు. కుర్చీ జరుపుకుని కూర్చుని తానూ తీయడం మొదలుపెట్టారు. అపరాహ్ణం నమాజు చేసి వచ్చిన యూసుఫ్ భాయ్ కూడా కౌంటర్ వేరేవాళ్లకు అప్పగించి కూర్చున్నాడు. చేతులు పనిలో ఉంటే నోరు ఊరుకోదు కదా.

"టీచరమ్మా, గా కొట్లాటల మీరు ఏ పార్టీ?" అని అడిగాడు.

"నేను హిస్టరీ పార్టీ భాయ్," అన్నారామె.

"గది గెలిచే పార్టీ కాదు."

"ఓడిపోయేది కూడా కాదులెండి."

యూసుఫ్ భాయ్ ఒక పిన్ను లాగి డబ్బాలో వేశాడు. వాళ్లమ్మ ఖురాన్ అరబ్బీలో చదివేదట, అర్థం ఉర్దూలో చూసుకునేదట. "మా అమ్మ రెండు కితాబులు పక్క పక్కన పెట్టుకునేది. ఒకటి నోటికి, ఒకటి దిల్‌కు," అన్నాడు. టీచర్‌గారు కత్తి ఆపి అతని వైపు చూశారు. ఇది నా పుస్తకంలో ఉండాల్సిందండీ అన్నారు. ఆ తర్వాత ఆమె ఆ చర్చిలను, ఆ ఊళ్లను ఎప్పుడూ చూడలేదని చెప్పారు. పదిహేడేళ్లు పాఠం చెప్పారు. బహ్రెయిన్ నుంచి విమానం ఎక్కితే కొన్ని గంటల దూరం. వెళ్లే వీలు ఎప్పుడూ కుదరలేదు. ఇక రాజమండ్రి నుంచి అసలే కుదరదు. "పటంలోనే తిరిగానండీ," అన్నారు. ఆమె ముందున్న బల్ల మీద తీసేసిన పాత కాగితాలు, చీలిన యూరప్‌లు, కుప్పగా పడి ఉన్నాయి.

మళ్లీ పిన్ను కొట్టే ముందు నేను ఒక్కో పుస్తకం తెరిచి పటం చూశాను. జర్మనీ ఒక్కటిగా ఉంది.

శుక్రవారం సాయంత్రం యూసుఫ్ భాయ్ వ్యానులో కట్టలు వేసుకుని అరాద్ వెళ్లాము. ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి విమానాలు ఇంటి మీదుగా తక్కువ ఎత్తులో పోతుంటాయి. ఒకటి పోయేదాకా అందరూ మాట ఆపి, పోయాక అక్కడి నుంచే మొదలుపెడతారు. హాలులో సోఫాలు లేవు, అప్పటికే అమ్మేశారు. గోడ పక్కన సూట్‌కేసులు. చాప మీద పిల్లలు. వెనక నిలబడి కొందరు తల్లిదండ్రులు.

టీచర్‌గారు పుస్తకాలు పంచారు. ఒకటి తన చేతిలో పట్టుకుని, ఈ పుస్తకం గురించి ముందు ఒక మాట చెప్పాలి పిల్లలూ అని మొదలుపెట్టారు. ఆమె ముఖంలో భయం నాకు కనిపించింది. అంతలో ఒక విమానం వచ్చింది. ఆమె ఆగారు.

విమానం పోయేసరికి పిల్లలందరూ పుస్తకం తెరిచి ఉన్నారు. కుడివైపు నుంచి. మొదటి పేజీ మీద వేళ్లు పెట్టి, పెదవులు కదుపుతూ చదవడం మొదలైపోయింది. రోజూ స్కూల్లో అరబిక్ పుస్తకం తెరిచే చేతులు అవి. వెనక నిలబడ్డ ఒక తండ్రి మాత్రం ఎడమ నుంచి తెరిచి, "ఇదేందీ, ప్రశ్నలొచ్చినయి?" అన్నాడు. ఆయన కొడుకు వెనక్కి తిరిగి పుస్తకాన్ని ఆయన చేతుల్లోనే తిప్పిపెట్టాడు.

ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఎనిమిదేళ్లుంటాయి.

"టీచర్, తెలుగు బుక్స్ కూడా అరబిక్ బుక్స్ లాగే ఉంటాయా?"

అప్పటిదాకా ఆ పిల్లలు తెలుగు చదివింది టీచర్‌గారు ఇచ్చిన జిరాక్సు కాగితాల మీదే. అందులో చాలామంది తెలుగు పుస్తకం అనే వస్తువును చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. టీచర్‌గారు ఏం చెబుతారా అని చూశాను.

"ఉండవమ్మా," అన్నారు. "మిగతావన్నీ అటువైపు నుంచి తెరుచుకుంటాయి. ఇది ఒక్కటే ఇలా. ఇది బహ్రెయిన్‌లో పుట్టింది."

అమ్మాయి తల ఊపి చదువులో పడిపోయింది. ప్రార్థన ఇంటి భాషలోకి వచ్చిన పేజీని వంతులవారీగా పైకి చదివారు. ఒత్తుల దగ్గర ఆగుతూ, లాటిన్‌ను లాటను అంటూ, దిద్దించుకుంటూ. టీచర్‌గారు దిద్దడం సగంలో మానేసి విన్నారు. మరునాడు పొద్దున ఆమె వెళ్లిపోయారు.

ఆ తర్వాత ప్రెస్సులో ఒక పద్ధతి మారింది. శాంపిల్ తెచ్చిన ప్రతి మనిషినీ యూసుఫ్ భాయ్ పుస్తకం ఏ వైపు నుంచి తెరవాలని అడిగేవాడు. ఇంగ్లిష్ బ్రోషర్ కోసం వచ్చిన ఇంగ్లిష్‌వాళ్లనూ అడిగేవాడు. వాళ్లు అతన్ని వింతగా చూసేవాళ్లు. అడగడం మానలేదు. చిన్న జాబుకైనా సరే, ఖాళీ కాగితం మడిచి, పేజీ అంకెలు వేసి, డమ్మీ చేసి కస్టమర్ చేతికి ఇచ్చాకే నా బల్ల మీదికి పని రానిచ్చేవాడిని.

2022లో రిటైరై ఊరికి వచ్చాను. ఇక్కడ అందరూ దుబాయి నుంచి వచ్చిండు అంటారు. దుబాయి కాదు, బహ్రెయిన్ అని మొదట్లో చెప్పేవాడిని. ఇప్పుడు మానేశాను. శాఖా గ్రంథాలయం ఇంకా ఉంది, రోజూ వెళ్తాను. చదువుతూ ఉంటే ఒక్కోసారి మడత మిషన్ చప్పుడు, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తుబ్లీ తీరం నుంచి వచ్చే ఉప్పు బురద వాసన గుర్తొస్తాయి. లేచి బయటికి వచ్చి నిలబడతాను. ఇక్కడ సముద్రం లేదు. ఆ పుస్తకం ఒక ప్రతి నా దగ్గర ఉంది. ఎవరికి చూపించినా ఎడమ నుంచి తెరుస్తారు, ప్రశ్నల పేజీ చూసి నా ముఖం చూస్తారు. ఆ ప్రతిని సరైన వైపు నుంచి తెరిచే పిల్లలు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో నాకు తెలియదు. పెద్దవాళ్లయి ఉంటారు.

ఆ పని నాకు నేర్పింది ఇది. ఒక వస్తువు చూపించి అచ్చం ఇలాగే కావాలన్నప్పుడు, అడిగే మనిషి అందులో తాను చూసినదాన్ని మాత్రమే అడుగుతున్నాడు. చేసేవాడు అందులో ఉన్నదంతా చేస్తాడు. ఆ తేడా ఎక్కడుందో కాగితం మడవకముందే అడిగి తెలుసుకోవాలి. మడిచిన తర్వాత తేడా తెలిస్తే, పుస్తకం మొత్తాన్ని తప్పు అనుకోకుండా అందులో నిజంగా చెడింది ఏ కాగితమో చూసి, అది ఒక్కటే మార్చాలి.